తొమ్మిది బుట్టల ఆట

తాడు చుట్టి బొంగరం వేయడం మీకు చేతనవునా? చేతనైతే ఒక సంగతి గమనించే ఉంటారు. జోరుగా తిరుగుతున్నంత సేపూ బొంగరం సన్నటి మేకు మొన మీద నిటారుగా నిలబడుతుంది. వేగం తగ్గేకొద్దీ తల వాల్చి, తూలి, చివరకు పక్కకు ఒరిగిపోతుంది. తిరగని బొంగరాన్ని మేకు మీద నిలబెట్టడం ఎవరి తరమూ కాదు. దాన్ని నిలబెట్టేది మేకు కాదు, తిరుగుడు.

ఇప్పుడు ఆ బొంగరాన్ని పళ్ళెంలా పలచగా చేసి, మేకు పీకేసి, నేలకు బదులు గాలి మీద తిప్పారనుకోండి. ఏమవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. ఒక పార్కులో, చెమటలు కక్కుతూ, పదమూడేళ్ళ పిల్ల చేతిలో ఓడిపోతూ తెలుసుకొన్నాను.

ఆ మధ్య అమెరికాలో, దక్షిణ కాలిఫోర్నియాలో ఉన్న మా అక్కయ్య ఇంటికి వెళ్ళాను. ఒక శనివారం పొద్దున్నే మా మేనకోడలు భుజాన సంచి తగిలించుకొని వచ్చి, "మావయ్యా, డిస్క్ గోల్ఫ్ ఆడదాం, వస్తావా?" అంది. గోల్ఫ్ అంటే డబ్బున్న వాళ్ళ ఆట గదా, కర్రలూ, బంతులూ, సభ్యత్వ రుసుమూ ఉంటాయి కాబోలు అనుకొన్నాను. అవేవీ అక్కర్లేదట. నాలుగు ప్లాస్టిక్ బిళ్ళలు, ఒక పార్కు ఉంటే చాలునట.

పార్కు వాళ్ళింటికి పది నిమిషాల నడక. పిల్లల ఉయ్యాలలు దాటాక చెట్ల మధ్య అక్కడక్కడా ఇనప స్తంభాలు పాతి ఉన్నాయి. ఒక్కొక్క స్తంభానికీ నడుమెత్తున గుండ్రటి తీగెల బుట్ట, దానిపైన ఒక పట్టీ. ఆ పట్టీ నుంచి పదీ పన్నెండు గొలుసులు బుట్టలోకి వేలాడుతున్నాయి. మొత్తం తొమ్మిది బుట్టలు. దగ్గరిది 40 మీటర్లు, దూరంది 75 మీటర్లు. పెద్ద కోర్సుల్లో బుట్టలు పద్దెనిమిది ఉంటాయి, ఒక్కొక్కటి వంద మీటర్లు దాటి కూడా ఉంటుంది. ఇది కొత్తగా నేర్చుకొనే వాళ్ళ కోసం వేసిన చిన్న కోర్సు.

ఆట చాలా సులువు. ఒక గుర్తు దగ్గర నిలబడి బిళ్ళను బుట్ట వైపు విసరాలి. అది ఎక్కడ పడితే అక్కడి నుంచే మళ్ళీ విసరాలి. బుట్టలో పడేదాకా ఎన్నిసార్లు విసిరారో లెక్క. అన్ని బుట్టలూ అయ్యాక ఎవరి లెక్క తక్కువైతే వారిదే గెలుపు. ఈ కోర్సులో బుట్టకు మూడు విసుర్లు సరైన లెక్క అని బోర్డు మీద రాసి ఉంది. తొమ్మిది బుట్టలకు ఇరవై ఏడన్నమాట.

సంచిలోంచి ఒక డిస్కు ఎంచుకోమంది. కొన్ని మొద్దు అంచువి, కొన్ని పదునైన అంచువి. పదునుగా ఉన్నదే గాలిని చీల్చుకొని దూరం పోతుందని దాన్నే తీసుకొన్నాను. ఆ పిల్ల ఏదో చెప్పబోయి ఊరుకొంది.

నాలుగు వేళ్ళు అంచు కిందా, బొటనవేలు పైనా పెట్టి, చేతిని ఛాతీకి అడ్డంగా ముడిచి, తడి తువాలు విదిలించినట్టు విదిలించాలి. నేను నా బలమంతా కూడదీసి విసిరాను. డిస్కు ఇరవై మీటర్ల దాకా బాణంలా పోయి, తర్వాత ఎవరో పిలిచినట్టు ఎడమకు తిరిగి, పొదల కింద దూరింది. ఇంకోటి విసిరాను. అదీ ఎడమ పొదల్లోకే! "గాలి అటు వీస్తోంది" అన్నాను.

మా మేనకోడలు ఎడమచేతివాటం పిల్ల. ఆమె ఎడమచేత్తో విసిరిన డిస్కు తిన్నగా పోయి, చివర్న కొద్దిగా కుడికి వంగి బుట్టకు దగ్గరలో పడింది. "గాలి నాకొకవైపు, నీకొకవైపు వీస్తోందా మావయ్యా?" అని నవ్వింది.

నిజమే గదా! ఒకే చోటు, ఒకే గాలి. మారిందల్లా చెయ్యి. చెయ్యి మారితే ఏం మారుతుంది? డిస్కు తిరిగే దిశ మారుతుంది. కుడిచేత్తో అలా విసిరిన డిస్కును పైనుంచి చూస్తే గడియారం ముళ్ళలా తిరుగుతుంది. ఎడమచేత్తో విసిరింది అందుకు వ్యతిరేకంగా తిరుగుతుంది. దోషం గాలిది కాదు, తిరుగుడులోనే ఏదో ఉంది.

గాలిలో నిలబెట్టేది ఏది?

ముందు ఒక లెక్క వేద్దాం. మీటరు ఎత్తు నుంచి ఒక రాయిని నేలకు సమాంతరంగా సెకనుకు 15 మీటర్ల వేగంతో విసిరామనుకోండి. రాయి నేలకు చేరడానికి పట్టే కాలం సుమారు 0.45 సెకన్లు. ఆ కాలంలో అది పోగల దూరం ఏడు మీటర్లకు మించదు. అదే వేగంతో విసిరిన డిస్కు నలభై మీటర్ల దాకా పోతుంది. డిస్కు బరువు సుమారు 175 గ్రాములు, క్రికెట్ బంతి బరువు సుమారు 160 గ్రాములు. క్రికెట్ బంతిని అత్యధిక దూరం విసిరిన రికార్డుగా ఇప్పటికీ చెప్పుకొనేది 19వ శతాబ్దం నాటి 128 మీటర్లు. 2016లో డేవిడ్ విగిన్స్ అనే యువకుడు అమెరికాలోని నెవడా ఎడారిలో గాలివాటం చూసుకొని డిస్కును 338 మీటర్లు విసిరాడు!

డిస్కు రెక్క లాంటిది. దాని ముందు అంచు కొద్దిగా పైకెత్తి ఉంటే ఎదురుగా వచ్చే గాలిని కిందికి మళ్ళిస్తుంది. గాలిని డిస్కు కిందికి నెడితే, గాలి డిస్కును పైకి నెడుతుంది. న్యూటన్ మూడో సూత్రం మీరు చదువుకొన్నదే. దానితోపాటు ఉబ్బెత్తుగా ఉన్న పైభాగం మీద గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. (పై గాలీ, కింది గాలీ అవతలి అంచుకు ఒకేసారి చేరాలి గనుక పై గాలి వేగంగా పోతుందని కొన్ని పుస్తకాల్లో రాస్తారు. అవి ఒకేసారి చేరాలన్న నియమమేదీ లేదు, నిజానికి చేరవు కూడా.)

రెక్క మాత్రమే అయితే విమానంలాగా దానికి తోక కావాలి. తోక లేని రెక్కను విసిరితే ఏమవుతుందో తెలియాలంటే ఒక అట్టముక్కను తిప్పకుండా ముందుకు విసిరి చూడండి. రెండు పల్టీలు కొట్టి పడిపోతుంది. డిస్కుకు తోక చేసే పనిని తిరుగుడు చేస్తుంది. గిరగిర తిరిగే వస్తువు తన అక్షాన్ని తేలిగ్గా మార్చుకోదు. బొంగరం నిలబడేదీ అందుకే.

పావు చుట్టు తర్వాత

తిరిగే వస్తువుకు ఒక వింత గుణం ఉంది. దాన్ని ఒకచోట నెడితే ఫలితం అక్కడ కనిపించదు. తిరిగే దిశలో పావు చుట్టు ముందుకు పోయి కనిపిస్తుంది! సైకిలు ముందు చక్రం ఊడదీసి, ఇరుసు రెండు చివరలూ చేతులతో పట్టుకొని, స్నేహితుణ్ణి గట్టిగా తిప్పమనండి. తిరుగుతున్న చక్రాన్ని కుడికి తిప్పబోతే అది పక్కకు ఒరగాలని చూస్తుంది. పక్కకు ఒరగేయబోతే కుడికో ఎడమకో తిరగాలని చూస్తుంది. అందులో జీవమున్నదేమో అనిపిస్తుంది. (చువ్వల్లో వేళ్ళు పెట్టకండి.)

ఇందులో మాయ ఏమీ లేదు. ముందు అంచు దగ్గర ఉన్న ఒక చిన్న ముక్కను పైకి నెట్టామనుకోండి. అది పైకి పోవడం మొదలుపెడుతుంది గాని, అక్కడే ఆగి ఉండదు గదా! తిరుగుతూ తిరుగుతూ పైకి పోతుంది. అది అన్నిటికన్నా ఎత్తుకు చేరేసరికి పావు చుట్టు తిరిగి ఉంటుంది. దీన్నే శాస్త్రజ్ఞులు ప్రిసెషన్ అంటారు. బొంగరం తల వాల్చి గుండ్రంగా ఊగడం కూడా ఇదే.

ఇప్పుడు నా డిస్కు సంగతి చూద్దాం. వేగం తగ్గినకొద్దీ డిస్కు కిందికి దిగడం మొదలెడుతుంది. అప్పుడు గాలి దాని అడుగుభాగానికి ఎక్కువ ఏటవాలుగా తగులుతుంది. పైకెత్తే బలం డిస్కు నడిమధ్యన కాక, మధ్యకు కొంచెం ముందువైపున పనిచేస్తుంది. అంటే ముందు అంచును పైకి నెడుతుంది. గడియారం ముళ్ళలా తిరిగే డిస్కులో ముందు నుంచి పావు చుట్టు పోతే ఏ పక్క వస్తుంది? కుడి పక్క. అంచేత ముందు అంచుకు బదులు కుడి అంచు లేస్తుంది. డిస్కు ఎడమకు ఒరుగుతుంది, ఒరిగిన వైపుకే జారుతుంది. ఎడమచేతి విసురుకు ఇదంతా అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది.

ఇదంతా నాకు అక్కడికక్కడే స్ఫురించిందని గొప్పలు చెప్పుకోను. అయిదో బుట్ట దాకా నేను చేసిందల్లా ఇంకా బలంగా విసరడమే. విసిరినకొద్దీ ఎడమకే పోయేది.

అయిదో బుట్ట దగ్గర ఎడమ పక్కనే నడకదారి ఉంది. ఒక పెద్దావిడ చిన్న కుక్కను పట్టుకొని నడుస్తోంది. ఆవిడ బుట్టకు చాలా పక్కగా ఉంది గదా అని నేను తిన్నగా బుట్ట వైపే విసిరాను. డిస్కు యథాప్రకారం ఎడమకు తిరిగింది. తిన్నగా ఆవిడ మీదికే! "ఫోర్!" అని మా మేనకోడలు గొంతు చించుకొని అరిచింది. గోల్ఫులో అది హెచ్చరిక కేక. ఆవిడ తల వంచుకొని చేతులు అడ్డం పెట్టుకొంది. డిస్కు ఆవిడకు రెండు బారల దూరంలో నేలకు తగిలి దొర్లిపోయింది. నేను పరుగెత్తి వెళ్ళి క్షమాపణ చెప్పాను. "చూసి విసరండి" అందావిడ. కోపంగా కాదు గాని, ఆవిడ గొంతు వణికింది. నా చేతులూ వణుకుతున్నాయి. గట్టి ప్లాస్టిక్ అంచు, 175 గ్రాముల బరువు, ఆ వేగం. కంటికి తగిలి ఉంటే?

మా మేనకోడలు నన్ను బెంచీ మీద కూర్చోబెట్టింది. "నీ డిస్కు ఎటు పోతుందో నీకు తెలుసు. నాలుగుసార్లు చూశావు. మరి అటు ఎవరున్నారో చూడకుండా ఎందుకు విసిరావు మావయ్యా?" అంది. జవాబు చెప్పలేకపోయాను. డిస్కు తిన్నగా పోయే దారిని కాదు, వంగి పోయే దారిని చూసుకోవాలి. ఆ దారిలో మనిషి ఉంటే విసరకూడదు.

తర్వాత నా చేతిలోని పదునైన డిస్కు తీసేసుకొని మొద్దు అంచుది ఇచ్చింది. ఆ పదునైన అంచు డిస్కులు 1983లో వచ్చాయి. డేవ్ డునిపేస్ అనే ఆయన అంచును ఏటవాలుగా చెక్కినట్టు తయారుచేశాడు. అవి గాలిని తక్కువగా ఎదిరిస్తాయి, నిజంగానే దూరం పోతాయి. కాని వాటికి చాలా వేగం కావాలి. ఆ వేగం అందకపోతే మొదటి నుంచీ నెమ్మదిగా పోతున్న డిస్కులాగే ప్రవర్తించి, తొందరగా ఎడమకు తిరుగుతాయి. పోటీల్లో ఆడే వాళ్ళ చేతిలో తిన్నగా పోయేది నా చేతిలో పోకపోవడానికి కారణం అదే. పైగా బలం పెట్టే ఊపులో నేను ముందు అంచును పైకి లేపేస్తున్నాను. మొద్దు అంచు డిస్కు తక్కువ వేగంలోనూ చాలా దూరం తిన్నగా పోతుంది. "బలం వద్దు, మణికట్టు విదిలించు" అంది. సగం బలంతో విసిరాను. డిస్కు నేలకు సమాంతరంగా, మెత్తగా తేలుకుంటూ పోయి ఆరో బుట్టకు పది అడుగుల్లో దిగింది. అంత బలం పెట్టి విసిరినప్పుడు కూడా అంత దూరం పోలేదు.

ఏడో బుట్ట దగ్గర మరో తమాషా జరిగింది. అక్కడ చెట్లు లేవు, గాలి ఎదురుగా వీస్తోంది. ఎడమకు వంగుతుందని లెక్కవేసి బుట్టకు కుడిపక్కగా గురిపెట్టాను. ఈసారి డిస్కు కుడికి తిరిగింది! నేను నోరు తెరిచాను. డిస్కుకు తెలిసేది నేల మీది వేగం కాదు, గాలిలో తన వేగం. సెకనుకు 15 మీటర్ల వేగంతో విసిరినా, ఎదురుగాలి సెకనుకు 5 మీటర్లయితే డిస్కు లెక్కకు అది 20 మీటర్ల వేగం. అంత వేగంలో డిస్కు గాలికి దాదాపు బల్లపరుపుగా ఉంటుంది. పైకెత్తే బలం మధ్యకు వెనకగా పనిచేసి వెనక అంచును లేపబోతుంది. గడియారం ముళ్ళ దిశలో వెనక నుంచి పావు చుట్టు పోతే ఎడమ పక్క. ఎడమ లేస్తే డిస్కు కుడికి ఒరుగుతుంది. అదే సూత్రం, ఫలితం తారుమారు. ఎడమకు పోవడమూ, కుడికి పోవడమూ ఒకే కారణం నుంచి వస్తాయని నాకు అప్పుడు అర్థమయింది.

తొమ్మిదో బుట్టలో డిస్కు పడ్డప్పుడు గొలుసులు ఘల్లుమన్నాయి. బండి ఎద్దుల మెడలో మువ్వలు గుర్తొచ్చాయి. ఈ గొలుసులు అలంకారం కాదు. డిస్కు గట్టి స్తంభానికి తగిలితే ఎగిరి అవతల పడుతుంది. గొలుసులకు తగిలితే దాని గతిశక్తి ఎన్నో లంకెలను కదిలించడంలోనూ, వాటి రాపిడిలోనూ ఖర్చయిపోతుంది. శక్తి పోగొట్టుకొన్న డిస్కు నెమ్మదిగా బుట్టలోకి జారుతుంది. లెక్క చూస్తే మా మేనకోడలు 29, నేను 47.

మూతల నుంచి ఉపగ్రహాల దాకా

మర్నాడు ఆదివారం ఆమె నన్ను పాసడెనా ఊరి పక్కనున్న ఓక్ గ్రోవ్ అనే చోటుకు తీసుకుపోయింది. పెద్ద పెద్ద ఓక్ చెట్ల నీడలో పద్దెనిమిది బుట్టల కోర్సు. 1975లో ఎడ్ హెడ్రిక్ అనే ఆయన వేసిన ఈ కోర్సే ప్రపంచంలో మొట్టమొదటి శాశ్వత డిస్క్ గోల్ఫ్ కోర్సని చెబుతారు. మొదట్లో ఇక్కడ బుట్టలు లేవు, ఉత్త స్తంభాలే. డిస్కు స్తంభానికి తగిలిందా లేదా అని ప్రతిసారీ తగవు. ఆ తగవు తీర్చడానికే హెడ్రిక్ గొలుసుల బుట్ట కనిపెట్టి 1977లో పేటెంటు పొందాడు. అంతకు పదేళ్ళ ముందే, 1967లో, డిస్కు పైన గుండ్రటి గీతలు పెడితే అది మరింత నిలకడగా ఎగురుతుందని మరో పేటెంటు తీసుకొన్నాడు. 2002లో ఆయన చనిపోయాక, ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోతపోశారు!

అయితే ఆట పుట్టింది ఆయనతోనే కాదు. 1926లోనే కెనడాలో బ్లాడ్‌వర్త్ అనే చిన్న ఊళ్ళో మీలాంటి బడిపిల్లలు రేకు డబ్బాల మూతలతో ఇలాంటి ఆట ఆడారు. 1937లో ఫ్రెడ్ మోరిసన్ అనే కుర్రవాడు పాప్‌కార్న్ డబ్బా మూతను విసిరి ఆడుకోవడం మొదలుపెట్టాడు. తర్వాత కేకులు చేసే రేకు పళ్ళెంతో సముద్రపు ఒడ్డున ఆడుతుంటే ఒకాయన వచ్చి దాన్ని 25 సెంట్లకు అడిగాడట. కొన్న ధర 5 సెంట్లే! ఆ లాభం చూసి మోరిసన్ ఎగిరే పళ్ళేల మీద పడ్డాడు. 1948లో ప్లాస్టిక్ పళ్ళెం చేశాడు. 1957లో ఆయన పళ్ళేన్ని తయారుచేసిన కంపెనీ దానికి ఫ్రిస్బీ అని పేరు పెట్టింది.

ఓక్ గ్రోవ్ పక్కనే పెద్ద పెద్ద భవనాలు కనిపించాయి. అది జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ. అమెరికా మొదటి ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్-1ను తయారుచేసింది ఇక్కడే. 1958 జనవరి 31న ప్రయోగించిన ఆ ఉపగ్రహం రెండు మీటర్ల పొడవున పెన్సిలు ఆకారంలో ఉండేది. పెన్సిలును రెండు అరచేతుల మధ్య దొర్లించినట్టు పొడుగు అక్షం మీద తిప్పి దాన్ని వదిలారు. కాని కొద్దిసేపట్లోనే అది ఆ తిరుగుడు మానేసి, ఫ్యాను రెక్కలా అడ్డంగా తిరగడం మొదలుపెట్టింది! దానికి ఉన్న తీగె యాంటెనాలు ఊగుతూ కొంత శక్తిని పోగొట్టాయి. శక్తి తగ్గే వస్తువు చివరకు తన బరువు అక్షానికి ఎక్కువ దూరంగా పరుచుకొని ఉండే విధంగా తిరగడానికే స్థిరపడుతుంది. పెన్సిలుకు అది అడ్డపు తిరుగుడు. డిస్కు మాత్రం విసిరినప్పుడే ఆ స్థిరమైన తిరుగుడులో ఉంటుంది. అంచేతనే వంకరగా విసిరిన డిస్కు మొదట కొంచెం వణికినా, తర్వాత తనంతట తానే సర్దుకొంటుంది.

మన ఆర్యభట ఉపగ్రహం గుర్తుందా? దాన్ని కూడా అంతరిక్షంలో నిలకడగా ఉంచడానికి వాయువు చిమ్మి తిప్పారు. అది 1975 ఏప్రిల్ 19న ఎగిరింది. ఓక్ గ్రోవ్‌లో హెడ్రిక్ స్తంభాలు పాతించిన సంవత్సరమే.

మీరూ చేసి చూడండి

ఒకే కొలత గల ప్లాస్టిక్ డబ్బా మూతలు రెండు తీసుకోండి. అడ్డకొలత ఒక జానెడైనా ఉండాలి. ఒకదాని లోపలి అంచు వెంట నాలుగు రూపాయి బిళ్ళలు సమదూరాల్లో టేపుతో గట్టిగా అంటించండి. రెండోదానికి అవే నాలుగు బిళ్ళలు మధ్యకు దగ్గరగా అంటించండి. రెండింటి బరువూ ఒకటే. కాని మధ్య నుంచి 2 సెంటీమీటర్ల దూరంలో ఉన్న బిళ్ళ కంటే 8 సెంటీమీటర్ల దూరంలో ఉన్న బిళ్ళ తిరుగుడును నిలపడంలో పదహారు రెట్లు లెక్కకు వస్తుంది. ఎందుకంటే ఇక్కడ దూరానికి వర్గం కట్టాలి. రెండింటినీ ఒకేలా విసిరి ఏది తక్కువ వణుకుతుందో చూడండి. అసలు డిస్కుల అంచు ఎందుకు అంత మందంగా ఉంటుందో తెలిసిపోతుంది. స్టీలు పళ్ళేలూ, రేకు మూతలూ మాత్రం విసరకండి, వాటి అంచు కోసేస్తుంది.

బుట్ట కావాలంటే వేపకొమ్మకు పాత సైకిలు టైరు కట్టండి. ఇరవై అడుగుల నుంచి మొదలుపెట్టండి. మీ తరగతిలో ఎడమచేతివాటం వాళ్ళుంటే వాళ్ళను ముందు పిలవండి. ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఒకేసారి విసిరి, మూతలు ఎటు పోతున్నాయో రాసుకోండి. విసిరే ముందు ఆ రెండు వైపులా ఎవరూ లేరని చూసుకోండి.